గుమ్మం దగ్గర నేనన్న మాట

మావారు పోయిన మూడో వారంలో మా అత్తగారు నన్నొక ప్రశ్న అడిగారు. దానికి నేనొక జవాబు చెప్పాను. ఆ జవాబు నిజమేనని నన్ను నేను ఒప్పించుకోవడానికి ఆరేళ్ళు ప్రయత్నించాను.

అప్పుడు మేం సింగపూర్లో, టోవా పాయోలో, ఏడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. పాత బ్లాకు. లిఫ్టు ఒకటి, అయిదు, తొమ్మిది అంతస్తుల్లోనే ఆగేది. మాకు ఎక్కడం కన్నా దిగడం తేలిక కాబట్టి పైకి వచ్చేటప్పుడు తొమ్మిదిలో దిగి రెండంతస్తులు కిందికి నడిచేవాళ్ళం, బయటికి వెళ్ళేటప్పుడు అయిదు దాకా నడిచి లిఫ్టెక్కేవాళ్ళం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం మనవాళ్ళు వారానికి కొందరు చొప్పున దిగుతున్న రోజులవి. ఆయన పనిచేసే కంపెనీ ఒక జర్మన్ ఫ్యాక్టరీకి ప్రోగ్రాములు రాసిపెట్టేది. రెండు మూడు నెలలకోసారి ఆయన ఆ ఫ్యాక్టరీ ఉన్న చిన్న ఊరికి వెళ్ళి వచ్చేవారు. అందుకని కంపెనీ ఆయన్ని శనివారం పొద్దున జర్మన్ క్లాసుకి పంపింది. భార్య కూడా వస్తే సగం ఫీజే అన్నారు. నాకప్పుడు ఉద్యోగం లేదు. తెచ్చుకున్న తెలుగు పుస్తకాలన్నీ రెండేసిసార్లు చదవడం అయిపోయింది. నేనూ వెళ్ళాను.

మా టీచరు అరవై దాటిన జర్మన్ ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా సింగపూర్లో ఉంటోంది. ఒక శనివారం మర్యాదగా కాదనడం ఎలాగో నేర్పింది.

"మీకు కాదనడం రాదని మావాళ్ళనుకుంటారు. మాకు మర్యాద రాదని మీరనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ ఈ రోజు కొంచెం మార్చుకుందాం" అని బోర్డు మీద నాలుగైదు వాక్యాలు రాసింది.

పద్ధతి సులువుగానే ఉంది. అవతలివాడి మాటలో సరైనదేదో ముందు ఒప్పుకోవాలి. తర్వాత మన మాట దాని పక్కన పెట్టాలి. నీది తప్పు అనకూడదు. 'దా బిన్ ఇష్ మియర్ నిష్ట్ సో జిష్షర్' అనాలి. అంటే, ఆ విషయంలో నాకంత నమ్మకం లేదు అని. కానీ అనకుండా మాత్రం ఊరుకోకూడదు.

"మీరు మాట్లాడకుండా కూర్చుంటే మావాళ్ళు ఒప్పుకున్నారనుకుని లేచి పనిలోకి వెళ్ళిపోతారు" అంది.

మావారు తల వంచుకుని నవ్వుకున్నారు. ఆయన మొదటి ప్రయాణంలో జరిగింది అదే. అయ్యే పని కాదని తెలిసిన తేదీని మీటింగులో ఎవరో చెప్తే ఈయన మౌనంగా బల్ల వైపు చూస్తూ కూర్చున్నారట. మన ఆఫీసుల్లో ఆ మౌనం అందరికీ అర్థమవుతుంది. అక్కడ దాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నారు. తర్వాత రెండు నెలలు ఎనిమిది మంది ఆదివారాలు లేకుండా పనిచేశారు.

"మరి వాళ్ళకి కోపం రాదా?" అని ఆయన అడిగారు.

"ఎందుకు? మీరు కాదంటున్నది వాళ్ళ మాటని, వాళ్ళని కాదు కదా" అంది టీచరు.

అది మాకు కొత్తగా తోచింది. మా రెండు ఇళ్ళల్లోనూ మాటని కాదంటే మనిషిని కాదన్నట్టే. ఆయన ఇంట్లో తండ్రి, మా ఇంట్లో నాయనమ్మ, ఏ చిన్న విషయానికైనా అరిచేవాళ్ళు. ఆ అరుపులు విని పెరిగిన ఇద్దరం పెళ్ళయ్యాక ఒకరినొకరు కాదనడమే మానేశాం. ఇలా ఉందామని ఎప్పుడూ అనుకోలేదు. అలా జరిగిపోయింది. నాలుగేళ్ళ కాపురంలో మేం పోట్లాడుకున్నది లేదు. దాన్ని అదృష్టం అనేవాళ్ళు తెలిసినవాళ్ళు.

ఆ పాఠం తర్వాత ఇంట్లో అదొక ఆట అయింది. కాఫీ బాగుంది కదా అంటే ఆయన కప్పు కిందపెట్టి, మీటింగులో మొహం పెట్టి, ఆ విషయంలో నాకంత నమ్మకం లేదని జర్మన్లో అనేవారు. ఈ చొక్కా నాకు నప్పిందా అని ఆయనడిగితే నేను ముందు రంగుని మెచ్చుకుని, తర్వాత 'ఆబర్', అంటే కానీ, అని ఆగేదాన్ని. జర్మన్లో అంటే తగిలేది కాదు. నవ్వొచ్చేది. ఆయనకి నా కందిపచ్చడి నచ్చదని పెళ్ళైన నాలుగేళ్ళకి ఆ భాషలోనే తెలిసింది.

మా అత్తగారు మూడు నెలలు ఉందామని వచ్చింది ఆ రోజుల్లోనే. గోదావరి జిల్లా మనిషి. మామగారు పోయి అప్పటికి రెండేళ్ళు. సోఫాలో కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసేవారు.

"ఏవిట్రా ఆ భాష? దెబ్బలాడుకుంటున్నారా?"

"లేదమ్మా. మర్యాదగా కాదనుకుంటున్నాం."

"కాదనుకోడానికి మళ్ళీ మర్యాదేవిట్రా. మీ నాన్నగారు కాదంటే వీధి చివరికి వినపడేది."

"అందుకే నన్ను బళ్ళో వేశారమ్మా. కంపెనీ డబ్బుల్తో."

"నీ పెళ్ళాన్ని కూడానా?"

"తనకి సగం ఫీజే. సగమే కాదంటుంది."

ఆవిడ నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆ తర్వాత ఆవిడ అలా నవ్వగా నేను వినలేదు.

ఆయన ఒక ప్రయాణం నుంచి వచ్చిన నాలుగో రోజున ఎడమ పిక్క నొప్పి అన్నారు. ఆదివారం షటిల్ ఆడినప్పుడు పట్టేసిందన్నారు. మర్నాటికి వాచింది. చేత్తో తాకితే వెచ్చగా ఉంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోయింది. అత్తగారు ఉప్పు మూటతో కాపడం పెట్టారు. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. జర్మన్ ఫ్యాక్టరీలో ఏదో ఆగిపోయింది, శుక్రవారం బయల్దేరి మళ్ళీ రమ్మన్నారు.

మా పక్క ఫ్లాటులో ఒక చైనీస్ ఆంటీ ఉండేది. ఆయన మెట్లు దిగి రావడం చూసి కారిడార్లోనే నిలబెట్టింది.

"వాట్ హ్యాపెన్డ్ టు యువర్ లెగ్? సో బిగ్ ఆల్రెడీ. గో సీ డాక్టర్ లా. వెయిట్ ఫర్ వాట్?"

"షటిల్, ఆంటీ."

"షటిల్ వేర్ గాట్ లైక్ దిస్? డోంట్ బ్లఫ్." షటిల్ ఆడితే ఎక్కడైనా ఇలా వాస్తుందా, బుకాయించకు అని.

లోపలికొచ్చాక, ఆవిడకి మాట తీరు తెలీదు పాపం అన్నాను నేను. నేనన్న మాటల్లో దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను.

బ్లాకు కింద క్లినిక్ ఉంది. చూపించుకోకూడదూ అన్నాను బుధవారం. సాయంత్రం వెళ్తానన్నారు. సాయంత్రం లైను చాలా ఉందని పైకి వచ్చేశారు. గురువారం బట్టలు సర్దుతూ మళ్ళీ అన్నాను. "వచ్చాక చూపించుకుంటా. నాలుగు రోజులేగా" అన్నారు. సరే అన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటు.

శుక్రవారం మధ్యాహ్నం విమానం. పొద్దున అన్నం తిని బయల్దేరారు.

బయల్దేరేటప్పటి పద్ధతులు మా అత్తగారికి గట్టి పట్టింపు. ఎక్కడికని అడక్కూడదు. వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి. వెనక నుంచి పిలవకూడదు. కాలు బయటపెట్టే ముందు వద్దు, కాదు, లేదు లాంటి మాటలు నోట రాకూడదు. ఆవిడ భర్త పోయిన మనిషి కాబట్టి తనంతట తానే వంటింటి గుమ్మం దాటి రాలేదు. అక్కడ్నించే, "అమ్మాయ్, నువ్వు బయటికెళ్ళి వాడికి ఎదురు రా" అన్నారు.

నేను కారిడార్లో పది అడుగులు వెళ్ళి, తిరిగి ఇంటి వైపు నడిచాను. అందువల్ల ఆయన గడప దాటడం ఎదురుగా నిలబడి చూశాను. ఆయన కుడిచేత్తో పెట్టె పట్టుకుని, ఎడమచేత్తో ప్యాంటు మోకాలి దగ్గర పట్టి కాలుని పైకెత్తి గడప దాటించారు. కాలు తనంతట తాను దాటలేదు.

వెళ్ళకండి అనే మాట నోటి దాకా వచ్చింది. అది నాకు స్పష్టంగా గుర్తు. అదే సమయంలో వంటింటి గుమ్మంలో అత్తగారు కనిపించారు. ఆవిడ చూస్తుండగా, కాలు బయటపెట్టిన మనిషికి ఎదురొచ్చి వద్దనడం ఎలా? వద్దన్నాక ఏదైనా జరిగితే? నా నోటి మాట వల్లే జరిగిందంటారు. నేనే అనుకుంటాను. అప్పుడు నాకొక దారి తోచింది. జర్మన్లో అంటే శకునం కాదు కదా అనుకున్నాను. ఆ భాషకి మా గడపతో సంబంధం లేదు. నేను చదువుకున్నదాన్ని, పుస్తకాలు చదివేదాన్ని, ఇలాగే ఆలోచించాను.

ఆయన కాలి వైపు చూసి, 'దా బిన్ ఇష్ మియర్ నిష్ట్ సో జిష్షర్' అన్నాను.

ఆ భాష నోట్లోకి రాగానే అలవాటుగా దానితోపాటు నవ్వు కూడా వచ్చింది. ఆయనా నవ్వారు.

'దా హాస్ట్ దూ రెష్ట్, ఆబర్' అన్నారు. నువ్వన్నది నిజమే, కానీ అని. ఆ తర్వాతి ముక్క జర్మన్లో దొరక్క తెలుగులో చెప్పారు. "అక్కడ పదిమంది నాకోసం కూర్చుని ఉంటారు. వెళ్ళొస్తా."

ఏడో అంతస్తు నుంచి అయిదు దాకా మెట్ల మీద ఆయన అడుగులు విన్నాను. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా, మధ్యలో పెట్టె మెట్టుకి తగిలిన చప్పుడు. లిఫ్టు తలుపు మూసుకున్నాక లోపలికి వచ్చాను.

సోమవారం సాయంత్రం నాలుగింటికి ఫోనొచ్చింది. అక్కడ పొద్దున. ఆయనతో పనిచేసే ఒకాయన, ప్రతి మాటా వెతుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసు మెట్లెక్కుతూ పడిపోయారట. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని తర్వాత కాగితాల్లో రాశారు. అంతసేపు కదలకుండా కూర్చునే విమాన ప్రయాణాలు అలాంటి కాలికి మంచివి కావని అప్పటికి మాకెవరికీ తెలియదు. డాక్టరుకి తెలిసి ఉండేది.

కావలసినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళు వచ్చి వెళ్ళారు. మూడో వారంలో ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అత్తగారు ఆయన కూర్చునే కుర్చీ వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ అడిగారు.

"ఆ రోజు గుమ్మం దగ్గర వాడితో ఏవన్నావమ్మా? ఇద్దరూ నవ్వుకున్నారు."

"వెళ్ళొద్దన్నానండీ" అన్నాను.

"మరి?"

"వెళ్ళాలన్నారు."

 "మొండి వెధవ" అన్నారు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చారు. కోపంతో ఏడ్చారు. ఎలాగోలా ఏడ్చారు కదా అనుకున్నాను. ఆ రోజు నా జవాబుని దిద్దకపోవడానికి అది నాకు సరిపోయే కారణంలా కనిపించింది.

ఆ మాట అక్కడ ఆగలేదు. ఆవిడ రాజమండ్రిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోన్లో బంధువులకి చెప్పారు, సంవత్సరీకాలకి వచ్చినవాళ్ళకి చెప్పారు. "అమ్మాయి వద్దంటూనే ఉంది. వాడు వింటేనా? చిన్నప్పట్నుంచీ అంతే." నిజానికి చిన్నప్పట్నుంచీ ఆయనది ఎవరేం చెప్పినా వినే స్వభావం. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తను టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఆపుకున్న బల్ల దగ్గర ఎవరైనా వచ్చి కూర్చుంటే, ప్యాకెట్టు తీసుకుని వేరే చోటు వెతుక్కునేవారు. అలాంటి మనిషి ఆ ఇంట్లో మొండివాడిగా మిగిలిపోయారు. నేను మాత్రం ముందే తెలుసుకుని వద్దన్న దాన్నయ్యాను. సంవత్సరీకాలప్పుడు ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "నీ మాట వినుంటే బతికేవాడు తల్లీ" అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నేను సింగపూర్లోనే ఉద్యోగం చూసుకున్నాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, వాళ్ళు నొచ్చుకోకుండా చెప్పే పని. బిషాన్ అనే పేటకి మారాను. అక్కడ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతుంది. అయినా పక్క మెట్ల మీద ఎవరైనా దిగుతుంటే చేతిలో పని ఆపి వింటాను. రెండు అడుగులూ ఒకేలా ఉన్నాయని తేలేదాకా వింటాను.

ఆయనతో వాదించడం ఆయన పోయాకే మొదలుపెట్టాను. జర్మన్ పద్ధతి ప్రకారం నేనన్నది కాదనడమేనండీ అనేదాన్ని మనసులో. టీచరు మనకి నేర్పింది అదే కదా, మీకు తెలుసు కదా ఆ వాక్యం ఎందుకు వాడతారో. ఆయన ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవారు. నువ్వన్నది నిజమే, కానీ. అక్కడితో ఆగిపోయేవారు. ఆ తర్వాతిది నేనే పూరించుకోవాలి.

అయిదో ఏడు బిషాన్ లైబ్రరీలో మా టీచరు కనిపించింది. చేతికర్రతో నడుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. మావారి సంగతి ఎవరో చెప్పారట, నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఆవిణ్ణొక సందేహం అడిగాను. ఒక కథలో చదివానని అబద్ధం చెప్పాను. ఒక భార్య ప్రయాణమైన భర్తతో 'ఆ విషయంలో నాకంత నమ్మకం లేదు' అంటుంది. ఒక జర్మన్ భర్తయితే దాన్ని వెళ్ళొద్దని అర్థం చేసుకుంటాడా?

ఆవిడ ఆలోచించింది.

"తనకిష్టం లేదని అర్థం చేసుకుంటాడు. కానీ ఆయన చేతిలో పెట్టె ఉందా?"

"ఉంది."

"అప్పుడు మేం ఆ వాక్యం వాడం. అది కాఫీ గురించీ సినిమా గురించీ వాడే మాట. పెట్టె చేతిలో ఉన్న మనిషికి వెళ్ళకు అంటాం. అంతే."

కథ రాసినవాళ్ళకి జర్మన్లు తెలిసి ఉండరు అని కూడా అంది. ఔనన్నాను.

ఆ మరుసటి ఏడు అత్తగారు ఒక నెల ఉందామని నా దగ్గరికి వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, అయినా వంటింట్లో కూర్చుని కూరలు తరగడం మానలేదు. ఒక ఆదివారం పొద్దున ఆవిడ గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే మా ఆడపడుచు ఫోన్ చేసింది. తన కూతురికి రెండు రోజులుగా జ్వరమట, ఆస్పత్రికి రానని మొండికేస్తోందట. పిల్లకి ఫోనివ్వమని అత్తగారు ఫోను స్పీకర్లో పెట్టారు.

"మీ మావయ్య బుద్ధులు రానియ్యకే తల్లీ. ఆయన ఎవరి మాటా వినక ఏవయ్యాడో తెల్సుగా."

"తెలుసు అమ్మమ్మా" అంది ఆ పిల్ల.

ఆ పిల్లకి పన్నెండేళ్ళు. మావయ్యని ఒకటి రెండుసార్లు చూసి ఉంటుంది. ఆ పిల్లకి ఆయన గురించి తెలిసిందల్లా ఇదేనని నాకర్థమైంది. అది తెలిసేలా చేసింది నేను.

ఫోన్ పెట్టేశాక చెప్పాను. నిలబడే చెప్పాను.

"ఆ రోజు నేను వెళ్ళొద్దనలేదండీ."

ఆవిడ చేతులు ఆగాయి. "ఏ రోజు?" అనలేదు.

"మరేవన్నావు?"

"నాకంత నమ్మకంగా లేదన్నాను. కాఫీ గురించి అనుకునేవాళ్ళం చూడండి, ఆ మాటే. నవ్వుతూ అన్నాను. ఆయన ఆటే అనుకుని ఉంటారు. నువ్వన్నది నిజమేనని కూడా అన్నారు. ఆయన నా మాట వినకపోవడం జరగలేదు. నేను చెప్పలేదు."

"తెలుగులో అనలేకపోయావా?"

"బయల్దేరేటప్పుడు వద్దనకూడదని ఊరుకున్నానండీ. మీరు చూస్తున్నారు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ మొహం చూశాక తెలిసింది. దాన్ని వెనక్కి తీసుకోలేను. అది నిజం.

ఆవిడ చేతిలో ఉన్న గోరుచిక్కుడుకాయ ఈనె తీసి పళ్ళెంలో వేశారు.

"ఆ మాట ఒకసారి అను, ఆ భాషలో" అన్నారు.

అన్నాను.

"నవ్వకుండా అంటే ఇలా ఉంటుందా?"

"ఔనండీ."

"నేను అడ్డంగా నిలబడ్డానన్నమాట."

"మీరు వంటింట్లోనే ఉన్నారు."

"అదేలే" అన్నారు.

ఆ పూట ఆవిడ అన్నం కొంచెమే తిన్నారు. నాతో మాట్లాడటం మానలేదు. మజ్జిగ వెయ్యమన్నారు, ఫ్యాన్ తగ్గించమన్నారు. తిడతారని రోజంతా ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకి తయారవుతుంటే కూతురికి ఫోన్ చేశారు. ఈసారి స్పీకర్ పెట్టలేదు. తలుపు మాత్రం తీసే ఉంచారు, నాకు వినపడాలనే కాబోలు.

"మీ అన్నయ్య మొండివాడు కాదే. వద్దని ఎవ్వరూ చెప్పలేదుట వాడికి. చెప్తే వినేవాడే. పిల్లకి కూడా చెప్పు, మావయ్య ఎవరు చెప్పినా వినే మనిషని." కాసేపు అవతలి మాట విన్నారు. "ఇన్నాళ్ళూ ఎందుకు దాచిందో నేనడగలేదు. నువ్వూ అడక్కు."

మా ఆడపడుచు అడగలేదు. ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది, ఆరోగ్యం అడుగుతుంది, ఆఫీసు సంగతులు అడుగుతుంది. పిల్ల ఇంజనీరింగులో చేరిందని చెప్పింది. మాటల మధ్య ఎక్కడైనా అన్నయ్య ప్రస్తావన వస్తే ఒక క్షణం ఆగుతుంది. నేనూ ఆగుతాను. తర్వాత ఇద్దరం వేరే విషయం మాట్లాడుకుంటాం.